రెక్క అతికితే చాలదు

గాయపడిన పక్షికి వైద్యం చేయించడం, తల్లికి దూరమైన పిల్లను మేపి పెంచడం, కోలుకున్నాక తిరిగి ఆకాశంలోకి వదలడం... ఈ పనంతా మన దేశంలో చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తల మీదే నడుస్తోంది. ఊరూరా పశువుల ఆసుపత్రులున్నా, అక్కడి డాక్టర్లకు ఆవు, గేదె, గొర్రె, కోడి వైద్యంలో ఉన్నంత అనుభవం గద్దకో గుడ్లగూబకో చేయడంలో ఉండదు. అటవీశాఖకు చట్టం ఇచ్చిన అధికారం ఉంది కానీ, రాత్రిపూట అపార్ట్‌మెంటు బాల్కనీలో పడ్డ పిట్టను తీసుకెళ్లడానికి ప్రతి పట్టణంలోనూ సిబ్బంది లేరు. ఆ ఖాళీని విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు, చిన్న వ్యాపారులు సొంత డబ్బు, సొంత సమయం పెట్టి పూడుస్తున్నారు.

గాయపడ్డ పక్షులను వాటి మానాన వదిలేయాలని, ప్రకృతి పనిలో చెయ్యి పెట్టకూడదని కొందరు అంటుంటారు. ఏ డేగ నోటి నుంచో తప్పించుకున్న పిట్ట విషయంలో ఆ మాటకు కొంత అర్థముంది. సంరక్షకుల దగ్గరికి వచ్చేవాటిలో అలాంటివి కొద్ది. గాజు పూసిన గాలిపటం దారం (మాంజా), కరెంటు తీగ, అద్దాల గోడ, పెంపుడు పిల్లి, గూళ్లతో సహా నరికేసిన చెట్టు, పంజరం, ఇలా ఎక్కువ గాయాల వెనుక మనిషి చెయ్యి ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండూ తమవిగా ప్రకటించుకున్న పక్షులకే ఈ బాధ తప్పడం లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరానాడు దాన్ని చూస్తే శుభమన్న నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి వేటగాళ్లు ఉచ్చులు, జిగురుపుల్లలు పెట్టి పట్టి, కాళ్లు కట్టి, చిన్న పంజరంలో పెట్టి వీధుల్లో తిప్పుతారు. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ఎంచుకున్న రామచిలుక రెక్కలు కత్తిరించుకుని జోస్యం చెప్పేవారి పెట్టె పక్కన కూర్చుంటోంది. పాలపిట్టల సంఖ్య దేశమంతటా బాగా తగ్గుతున్నదని 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక హెచ్చరించింది. శుభం కోసం చూడాలనుకునే పక్షికి చేస్తున్న మర్యాద ఇదీ!

అన్నింటిలోకి మాంజా గాయం ప్రత్యేకమైనది. పక్షి రెక్క ముందంచున, భుజం నుంచి మణికట్టు దాకా, పలుచటి చర్మపు పొర ఒకటి ఉంటుంది. దాని అంచు వెంబడి సన్నటి టెండన్ సాగుతుంది. రెక్క చాపగానే ఈ పొర బిగిసి పక్షిని గాలిలో నిలబెడుతుంది. సరిగ్గా ఇక్కడే దారం తగులుతుంది. పక్షి బెదిరి రెక్కలు కొట్టుకున్న కొద్దీ దారం రంపంలా లోపలికి దిగుతుంది. చర్మం, టెండన్ దాటి ఎముక దాకా వెళ్లిన సందర్భాలూ ఉంటాయి. గాయంతో కింద పడ్డ పక్షి ఒక రకంగా నయం, ఎవరో ఒకరి కంటపడుతుంది. చెట్టుకొమ్మకు చిక్కుకుని రాత్రంతా వేలాడిన పక్షికి తెగిన చర్మం అంచులు ఎండి, కుట్టు నిలవని స్థితికి వస్తాయి. పండగ అయిపోయినా ప్రమాదం పోదు. నైలాన్ దారం కుళ్లదు. నెలల తరబడి కొమ్మల్లోనే ఉండి, రాత్రి బసకు వచ్చే కొంగలను, తెల్లవారుజామున గూటికి తిరిగొచ్చే చింతవక్కలను, గబ్బిలాలను పట్టుకుంటూనే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఈ దారాన్ని నిషేధించింది. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, ఇతర సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. అయినా ప్రతి సంక్రాంతికీ హైదరాబాద్‌లో నిచ్చెనలు, పొడవాటి కర్రలు పట్టుకుని కార్యకర్తలు చెట్లెక్కాల్సి వస్తోందంటే నిషేధం దుకాణం గడప దాటి లోపలికి వెళ్లలేదనే అర్థం.

ఈ గాయాలకు వైద్యం ఎలా చేయాలో మన దేశంలో ఎక్కువగా నేర్పింది ఢిల్లీ. నదీమ్ షెహజాద్, మహమ్మద్ సవూద్ అనే అన్నదమ్ములు అక్కడి నల్ల గద్దల కోసం 2003 నుంచి పనిచేస్తున్నారు. గాయపడిన గద్ద మాంసాహారి అయినందున శాకాహార నియమం పాటించే పక్షుల ఆసుపత్రి చేర్చుకోకపోవడంతో వారు ఆ పనిని ఇంట్లోనే మొదలుపెట్టారు. ఇంటి కింది భాగంలో సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న వ్యాపారం, దాని పక్కనే శస్త్రచికిత్స బల్ల, మేడ మీద కోలుకుంటున్న గద్దల గది. కండరాలు, టెండన్ల గురించి మొదట్లో బాడీ బిల్డింగ్ పత్రికలు చదివి తెలుసుకున్నామని వారే చెప్పారు. రెండు దశాబ్దాల్లో ఇరవై వేలకు పైగా పక్షులు వారి చేతుల మీదుగా వెళ్లాయి. శౌనక్ సేన్ 2022లో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ వారి గురించే. ఆ చిత్రానికి సన్‌డాన్స్, కాన్ ఉత్సవాల్లో బహుమతులు, తర్వాత ఆస్కార్ నామినేషన్ వచ్చాయి. వారి పట్టుదలకు చేతులెత్తి మొక్కాల్సిందే. అదే సమయంలో, దేశ రాజధానిలో ఒక గద్దకు వైద్యం దొరకాలంటే ఇద్దరు వ్యక్తులు వ్యాయామ పత్రికలు చదివి నేర్చుకోవలసి వచ్చిందన్న సంగతి కూడా మర్చిపోకూడదు.

పక్షి శరీరం గురించి తెలియకుండా చేసే సాయం ప్రాణం తీయగలదు. సొమ్మసిల్లిన పిట్టను చూడగానే ఎవరైనా ముందు ముక్కు తెరిచి నీళ్లు పోస్తారు. పక్షికి శ్వాసనాళం తలుపు నాలుక మొదట్లోనే ఉంటుంది. పోసిన నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, పాలన్నం పెట్టడం మన ఇళ్లలో మామూలే గానీ, పాలను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. చాలా పక్షుల్లో భుజం ఎముక లోపల బోలుగా ఉండి గాలి సంచులతో కలిసి ఉంటుంది. ఆ ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చినప్పుడు మందునీళ్లతో ధారగా కడిగితే అవి శ్వాసలోకి చేరతాయి. నొప్పి మందుల సంగతీ అంతే. రాబందులను తుడిచిపెట్టిన డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో 2006లోనే నిషేధించారు. మందుల పెట్టెలో చేతికందిన మాత్ర వేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది. అనుభవమున్నవారు మొదట చేసేది చాలా తక్కువ. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పక్షిని పెట్టి, మూత వేసి, వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచుతారు. మనిషి మొహం, మాటలు, ఫోన్ ఫొటోలు, అన్నీ దానికి వేటాడే జంతువు ఎదురుపడ్డంత భయం. ఆ భయంతోనే చనిపోయే పక్షులు తక్కువేమీ కాదు.

అనాథ పిల్లల విషయానికొస్తే, చాలా సందర్భాల్లో అవి అనాథలే కావు. వేసవిలో, తొలకరిలో గూడు వదిలిన పిల్లలు నాలుగైదు రోజులు నేల మీదే గెంతుతుంటాయి. ఒంటినిండా ఈకలు, పొట్టి తోక, సరిగా ఎగరడం రాదు. తల్లిదండ్రులు పక్క కొమ్మ మీదే ఉండి, మనుషులు కాస్త దూరం జరిగితే మేత పెడతాయి. గోరువంక, పిగిలిపిట్ట, కాకి పిల్లలను జాలితో ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకోవడమంటే వాటిని కన్నవాళ్ల నుంచి విడదీయడమే. మనిషి తాకితే తల్లి దగ్గరికి రానివ్వదన్న నమ్మకం నిజం కాదు. ఈకలు సరిగా రాని పిల్ల కనబడితే తిరిగి గూట్లో పెట్టాలి. గూడు చెదిరిపోతే చిన్న బుట్టలో పీచు వేసి అదే చెట్టుకు కట్టినా తల్లి వస్తుంది. ఈ పని చేయించగలిగిన కార్యకర్త ఫోన్‌లోనే ఒక పక్షిని కాపాడినట్టు.

నిజంగా తల్లి లేని పిల్లను పెంచడం మాత్రం రోజంతా పని. చిన్న పిట్ట పిల్లలకు పొద్దుపొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా అరగంటకోసారి మేత అందాలి. పెద్దయ్యాక గింజలు తినే పిచ్చుక కూడా పిల్లకు మొదట పురుగులే తెచ్చిపెడుతుంది. మాంసకృత్తులు లేకుండా అన్నం మెతుకులతో పెంచితే ఈకలు పెళుసై, రెక్క నిండుగా రాదు. గద్ద, గుడ్లగూబ పిల్లలకు ఎముకలు తీసేసిన కోడిమాంసం ముక్కలు పెడుతూ పోతే కాల్షియం చాలక కాళ్లు వంకర పోతాయి. ఎముకలతో సహా చిన్న జంతువును మొత్తంగా పెట్టాలి. పావురాలు, గువ్వలు గొంతు కింది సంచిలో ఊరే చిక్కటి పాలవంటి పదార్థాన్ని పిల్లల నోట్లో పోస్తాయి. దానికి సరైన ప్రత్యామ్నాయం తయారుచేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. కాకి గూట్లో పెరిగే కోకిల పిల్ల వచ్చినప్పుడు దాన్ని కాకి అనుకుని మేపేవారూ ఉన్నారు. ఏ జాతో గుర్తించలేకపోతే ఏం పెట్టాలో తెలియదు.

మేత కన్నా పెద్ద సమస్య మచ్చిక. కళ్లు తెరిచిన తొలి రోజుల్లో ఎవరిని చూస్తే వారినే తమ జాతిగా భావించే గుణం పక్షి పిల్లల్లో ఉందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1930ల్లో బాతు పిల్లలతో చూపించాడు. మనిషి చేతిలో ఒంటరిగా పెరిగిన గుడ్లగూబ పిల్ల జత కోసం తన జాతిని వెతకదు. మనిషి భుజం మీద వాలబోతుంది. పాడుబడ్డ గోడల్లోనూ అపార్ట్‌మెంటు సందుల్లోనూ గూడు పెట్టే తెల్లమొహపు గుడ్లగూబను అపశకునంగా చూసే ఊళ్లలో అలా వాలిన పక్షికి ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే బాధ్యత తెలిసిన సంరక్షకులు పిల్లలకు పేర్లు పెట్టరు, మాట్లాడరు, ఒంటరిగా ఉంచరు. వీలైతే అదే జాతి పిల్లలతో కలిపి పెడతారు, మొహం కనబడకుండా తెర వెనుక నుంచి మేత అందిస్తారు. ప్రేమతో దగ్గరికి తీసుకోవాలనిపించే ప్రాణిని ఆ ప్రేమ తెలియనివ్వకుండా పెంచడం ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైన భాగం. సామాజిక మాధ్యమాల్లో భుజం మీద చిలుకను, చేతి మీద గద్దను పెట్టుకుని దిగే ఫొటోలు దయకు గుర్తుగా చలామణి అవుతున్నాయి. నిజానికి అవి పునరావాసం చెడిపోయిందనడానికి గుర్తులు.

ఊరంతా కలిసి ఈ పని చేస్తే ఎలా ఉంటుందో కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు చూపిస్తుంది. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని ఈ ఊళ్లో చింతచెట్ల మీద, రావి, మర్రి జాతి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. చెట్లు ఇళ్ల మధ్యలో ఉండటంతో గాలికో, తోబుట్టువుల తోపులాటకో జారిపడ్డ పిల్లలు వీధిలో పడతాయి. గూళ్లు చాలా ఎత్తులో ఉండి తిరిగి ఎక్కించడం సాధ్యం కాదు. మైసూరుకు చెందిన ప్రకృతి ప్రేమికుల బృందం 1990ల మధ్యలో ఊరి యువకులతో కలిసి ‘హెజ్జార్లె బళగ’ను ఏర్పాటు చేసింది. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. పడిపోయిన పిల్లలను ఒక దడిలో చేర్చి, చేపలు వేసి, ఎగిరే వయసు వచ్చేదాకా పెంచడం వారి పని. పిల్లలన్నీ కలిసి ఉంటాయి గనుక మనిషికి మచ్చికయ్యే భయం తక్కువ. పైన అదే చెట్ల మీద పెద్దపక్షులు కనిపిస్తూనే ఉంటాయి గనుక ఎగరగానే గుంపులో కలుస్తాయి. 2007లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని కమ్యూనిటీ రిజర్వుగా గుర్తించింది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, చిలమత్తూరు మండలం వీరాపురం కూడా జనం మధ్యే పక్షులు గూళ్లు పెట్టే ఊళ్లు. అక్కడి రైతులు తరతరాలుగా ఈ పక్షులను ఊరికి శుభంగా భావించి కాచుకుంటున్నారు. వారికి ఒక దడి, చేపల ఖర్చు, దగ్గర్లో పక్షి వైద్యం తెలిసిన డాక్టరు ఉంటే బెళ్లూరు పద్ధతి ఇక్కడ నడవకపోవడానికి కారణమేమీ లేదు.

గాయం మానిన పక్షి ఎప్పుడు వెళ్లడానికి సిద్ధమైనట్టు? పక్షి ఎముక రెండు మూడు వారాల్లో అతుకుతుంది. కట్టు అంతకన్నా ఎక్కువ కాలం ఉంచితే కీలు బిగుసుకుపోయి, అతికిన రెక్క కూడా పూర్తిగా చాచుకోదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు ఎగరగలగడం లెక్కలోకి రాదు. గద్ద గంటల తరబడి గాలిలో తిరగాలి, లకుముకి పిట్ట నీటిలోకి దూకి పైకి లేవాలి, వలస పక్షి వేల కిలోమీటర్లు పోవాలి. పొడవైన పంజరంలో మళ్లీ మళ్లీ ఎగిరించి, ఆయాసం, రెక్కల సమతూకం గమనించాలి. విరిగిన పెద్ద ఈకలు తర్వాతి ఈకల మార్పు దాకా కొత్తగా రావు. అదే జాతి పక్షి రాల్చిన ఈకను పాత ఈక కాడలో అతికించే పద్ధతి వేటడేగలను పెంచేవారి కాలం నుంచి ఉంది. నీటిపక్షి అయితే ఈకల మీద నీరు నిలవకుండా జారాలి. వదిలే చోటు సాధ్యమైనంతవరకు దొరికిన చోటే అయి ఉండాలి. అక్కడి నీరు, మేత, బస దానికి తెలుసు. జంట ఎదురుచూస్తూ ఉండొచ్చు. పగటి పక్షిని పొద్దున్నే, గుడ్లగూబను సందెవేళ వదలాలి. చేతిలో పెరిగిన పిల్లలకైతే పంజరం తలుపు తెరిచి పెట్టి, అవి సొంతంగా బతకడం నేర్చేదాకా అక్కడే మేత ఉంచాలి. దసరా పాలపిట్టలను, జోస్యం చిలుకలను స్వాధీనం చేసుకున్న రోజునే కెమెరాల ముందు ఎగరేయడం చూడటానికి బాగుంటుంది. రెక్క కత్తిరించిన చిలుకను ఆ రోజు వదిలితే మరునాటికి పిల్లి పాలవుతుంది.

కొన్ని పక్షులు ఎప్పటికీ ఎగరలేవు. రెక్క తీసేసిన గద్దను పదేళ్లు మూడడుగుల పంజరంలో ఉంచడం దయ అవునో కాదో ప్రతి సంరక్షకుడూ తేల్చుకోవాల్సిన ప్రశ్న. నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ కొన్నిసార్లు సరైన వైద్యమే. మన సమాజంలో ఆ మాట అనడానికి జంకుతారు, దాంతో చిన్న సంస్థల పంజరాలన్నీ ఎగరలేని పక్షులతో నిండిపోయి, బాగుపడగల కొత్త పక్షికి చోటు లేకుండా పోతుంది.

చట్టం దగ్గర కార్యకర్తల పరిస్థితి మరీ ఇబ్బందికరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడం కూడా. చట్టవిరుద్ధంగా పట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటి ఆస్తి చేతికొచ్చినవారు 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపాలి. 2022 సవరణతో హానికర జంతువుల జాబితానే ఎత్తేశారు, కాకి ఇంతకుముందు ఆ జాబితాలో ఉండేది. రక్షణ పరిధి పెరగడం మంచిదే. కానీ గాయపడిన పక్షిని నెలరోజులు ఇంట్లో పెట్టుకుని బాగుచేసి వదిలే మనిషికి ఈ చట్టంలో పేరంటూ లేదు. అటవీ అధికారి సౌమ్యుడైతే ఆ మనిషి సహాయకుడు, కాకపోతే నేరస్థుడు. బ్రిటన్‌లో 1981 చట్టం, కోలుకోగానే వదలాలన్న ఉద్దేశంతో గాయపడ్డ పక్షిని ఉంచుకోవడానికి స్పష్టమైన మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో వలస పక్షుల పునరావాసానికి ఫెడరల్ అనుమతి కావాలి. 18 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాది కాలంలో 100 గంటలు స్వయంగా పనిచేసిన అనుభవం చూపాలి, ప్రత్యేక అనుమతి లేకుండా ఏ పక్షినీ 180 రోజులకు మించి ఉంచకూడదు. ఇలాంటి నిబంధనలు కార్యకర్తలకు అడ్డంకి అనుకోవడం పొరపాటు. పనితెలిసినవారికి రక్షణ కల్పించేవీ, దయ పేరుతో చిలుకలను పెంచుకునేవారిని వేరుచేసేవీ ఇవే.

ప్రభుత్వం తలుచుకుంటే ఏం చేయగలదో గుజరాత్‌లో చూడొచ్చు. ఉత్తరాయణ్ గాలిపటాల పండగ సమయంలో, ఏటా జనవరి 10 నుంచి 20 వరకు, 2017 నుంచి ‘కరుణా అభియాన్’ నడుస్తోంది. అటవీశాఖ, పశుసంవర్ధక శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి చికిత్సా కేంద్రాలు తెరుస్తాయి. ఎక్కడికి ఫోన్ చేయాలో జనానికి ముందే తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సంక్రాంతికి, దసరాకు ఇలాంటి ఏర్పాటు చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పశువైద్య కళాశాలల్లో పక్షి శస్త్రచికిత్స మీద చిన్న కోర్సు, జిల్లాకొక తాత్కాలిక చికిత్సా కేంద్రం, గుర్తింపు పొందిన సంరక్షకుల జాబితా చాలు. బర్డ్ ఫ్లూ కోళ్ల ఫారాలను పదేపదే తాకుతున్న వేళ కొత్తగా వచ్చిన ప్రతి పక్షినీ కొన్నాళ్లు విడిగా ఉంచే నియమం మనుషుల ఆరోగ్యానికి కూడా అవసరం.

చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. వదిలిన పక్షులు నిజంగా బతుకుతున్నాయా? దీనికి గట్టి జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. 2000 జూన్ 23న ‘ట్రెజర్’ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగి, ఆఫ్రికన్ పెంగ్విన్లు గూళ్లు పెట్టే రాబెన్, డాసెన్ దీవుల చుట్టూ నూనె పరుచుకుంది. నూనె అంటిన సుమారు 19 వేల పెంగ్విన్లను వేలాది వాలంటీర్లు కడిగి, చేపలు తినిపించి కోలుకునేలా చేశారు. నూనె అంటని మరో 19 వేలకు పైగా పక్షులను లారీల్లో పోర్ట్ ఎలిజబెత్‌కు తరలించి వదిలారు, అవి ఈదుకుంటూ తిరిగొచ్చేలోపు సముద్రాన్ని శుభ్రం చేయడానికి వ్యవధి దొరికింది. కడిగిన పక్షుల్లో పదింట తొమ్మిదికి పైగా సముద్రానికి తిరిగి వెళ్లాయి. గుర్తు పట్టీలు వేసి వదిలినందువల్ల తర్వాతి ఏళ్లలో వాటిని వెతికి చూడగలిగారు. చాలావరకు మామూలు పక్షుల్లాగే బతికాయనీ, పిల్లలను పెంచడంలో మాత్రం కొంత వెనకబడ్డాయనీ తేలింది. మంచీ చెడూ రెండూ తెలిశాయంటే, పట్టీలు వేసి లెక్క రాసుకున్నందువల్లే.

మన దగ్గర ఎన్ని పక్షులను వదిలారన్న సంఖ్య దొరుకుతుంది, వదిలాక ఏమయ్యాయన్నది దొరకదు. పక్షుల కాళ్లకు సంఖ్యలున్న ఉంగరాలు తొడిగే పనిని ముంబయికి చెందిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా అనుమతితో చేస్తోంది. పునరావాస కేంద్రాల నుంచి వెళ్లే పక్షులకూ దాన్ని విస్తరిస్తే, ఏ గాయానికి ఏ చికిత్స నిలిచిందో, ఎంతకాలం ఉంచిన పక్షి మళ్లీ గూడు కట్టిందో తెలుస్తుంది. హైదరాబాద్ సంక్రాంతి గద్దలతో మొదలుపెట్టవచ్చు. అన్నీ ఒకే నగరంలోనివి, ఒకే జాతివి, ఒకే రకం గాయంతో, ఏటా ఒకే నెలలో వచ్చేవి.